ఆర్బ్రోత్ రైలెక్కండి: స్కాట్లాండ్‌లో ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్బుని మనది చేసుకునే పద్ధతి

స్కాట్లాండ్ వచ్చిన మనవాళ్ళు ఫుట్‌బాల్ అనగానే గ్లాస్గో వైపే చూస్తారు. సెల్టిక్, లేదంటే రేంజర్స్. టికెట్ దొరకడం కష్టం, దొరికినా ఖరీదు. పైగా ఆ రెండు క్లబ్బుల మధ్య మతం గొడవ ఒకటి ఉంది, ఏ రంగు చొక్కా ఏ వీధిలో వేసుకోకూడదో తెలుసుకునేసరికి చదువు అయిపోతుంది. నా సలహా వేరు. మీరుండే చోటికి రైల్లో అరగంట లోపు ఉన్న చిన్న క్లబ్బు ఒకటి పట్టుకోండి. నేను ఉండేది డండీ, నా క్లబ్బు ఆర్బ్రోత్, అందుకే ఇక్కడ చెప్పేవన్నీ దాదాపు అక్కడి సంగతులే. పద్ధతి మాత్రం మాంట్రోజ్‌కైనా, ఫోర్ఫర్‌కైనా, స్టిర్లింగ్‌కైనా పనికొస్తుంది.

డండీలోనే రెండు పెద్ద క్లబ్బులున్నాయి కదా, ఆర్బ్రోత్ దాకా ఎందుకని మా ఆయన ఇప్పటికీ అడుగుతాడు. ఆయనకి క్రికెట్ తప్ప ఇంకోటి ఆటే కాదు, కాబట్టి ఆయన మాట పక్కన పెడదాం. నా కారణం చిన్నది. మాది కాకినాడలో జగన్నాథపురం. చేపల వాసన, పడవలు, సముద్రపు గాలి ఉన్న ఊరైతే నాకు సగం పరిచయం ఉన్నట్టే. మీ కారణం మీరు వెతుక్కోండి. ఏదో ఒకటి ఉండాలి, లేకపోతే జనవరిలో వానలో నిలబడలేరు.

క్లబ్బు ఏ మెట్టు మీద ఉందో ముందు చూసుకోండి

స్కాటిష్ లీగ్‌లో 42 క్లబ్బులు, నాలుగు మెట్లు. పైన ప్రీమియర్‌షిప్‌లో 12 క్లబ్బులు, కింద ఛాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూలలో పదేసి. పై రెండు మెట్లలో చాలావరకు ఆటే వృత్తిగా ఉన్నవాళ్ళు ఆడతారు. కింది రెండింట్లో ఎక్కువమంది పార్ట్‌టైమ్. అంటే పగలు ఉద్యోగం, వారంలో రెండు సాయంత్రాలు ప్రాక్టీసు, శనివారం మ్యాచ్. ఆర్బ్రోత్‌కి చాలా ఏళ్ళు ఆడిన బాబీ లిన్ అనే వింగర్ డండీలో చెత్త బండి మీద పనిచేసేవాడు. శనివారం మధ్యాహ్నం జనం ఎవరి పేరు పెట్టి అరిచారో, అతనే సోమవారం పొద్దున మీ వీధిలో చెత్త డబ్బా ఎత్తుతుంటాడన్నమాట.

లీగ్ టూ కింద హైలాండ్ లీగ్, లోలాండ్ లీగ్ ఉన్నాయి. 2015 దాకా పై నుంచి కిందికి పడే దారి ఉండేది కాదు, ఆ తర్వాత ప్లే-ఆఫ్ పెట్టారు, అంటే సీజన్ చివర ఎవరు ఎక్కాలో ఎవరు దిగాలో తేల్చే మ్యాచ్‌లు. దాని దెబ్బ ఆర్బ్రోత్ ఉన్న ఆంగస్ జిల్లాకే తగిలింది. ఆంగస్ జనాభా లక్షా పదిహేను వేలకి అటూఇటూ. అంత చిన్న జిల్లాలో ఆర్బ్రోత్, మాంట్రోజ్, ఫోర్ఫర్, బ్రెకిన్ అని నాలుగు లీగ్ క్లబ్బులుండేవి. 2021లో బ్రెకిన్ హైలాండ్ లీగ్‌లోకి పడిపోయింది. ఆ మైదానానికి ఒక వైపు గోడ బదులు నిలువెత్తు పొదల కంచె ఉంటుంది, దాన్ని చూడ్డానికైనా ఒకసారి వెళ్ళండి.

బయల్దేరే ముందు

సీజన్ జులైలో లీగ్ కప్‌తో మొదలై మే దాకా నడుస్తుంది. పది జట్లున్న మెట్టులో ప్రతి జట్టూ మిగతా ఒక్కోదానితో నాలుగేసిసార్లు ఆడుతుంది, మొత్తం 36 మ్యాచ్‌లు, అందులో సగం సొంత మైదానంలో. మామూలుగా శనివారం మధ్యాహ్నం మూడింటికి మొదలు. ఆ వేళ మ్యాచ్‌లు బ్రిటన్‌లో టీవీలో ప్రత్యక్షంగా వేయకూడదని నియమం ఉంది, జనం ఇంట్లో కూర్చోకుండా మైదానాలకి రావాలని. చిన్న క్లబ్బులకి అదే ఊపిరి.

డండీ నుంచి ఆర్బ్రోత్‌కి రైల్లో ఇరవై నిమిషాలు. సముద్రం వైపు కిటికీ పట్టుకోండి. దిగాక పావుగంట నడిస్తే గేఫీల్డ్ పార్క్. అయితే ఇంట్లోంచి కదిలే ముందు క్లబ్బు సోషల్ మీడియా చూడటం మర్చిపోవద్దు. నిజమైన గడ్డి ఉన్న మైదానాల్లో నేల గడ్డకట్టినా, నీళ్ళు నిలిచినా రిఫరీ పొద్దున వచ్చి చూసి వాయిదా వేసేస్తాడు. మాంట్రోజ్, ఫోర్ఫర్ లాంటి చోట్ల ప్లాస్టిక్ గడ్డి కాబట్టి ఆ టెన్షన్ తక్కువ. ప్లాస్టిక్ గడ్డిని చాలామంది తిడతారు కానీ, దాని మీద వారమంతా ఊరి పిల్లలు ఆడుకోవచ్చు, అద్దెకి ఇచ్చి క్లబ్బు నాలుగు డబ్బులు చేసుకోవచ్చు. చిన్న క్లబ్బుకి అది చిన్న విషయం కాదు.

టికెట్ పెద్దవాళ్ళకి సుమారుగా పదిహేను నుంచి ఇరవై పైచిలుకు పౌండ్లు. పిల్లలకి బాగా తక్కువ, కొన్నిచోట్ల ఉచితం. ముందే కొనాల్సిన అవసరం చాలా అరుదు.

ఇక బట్టలు. ఇది మాత్రం నా మాట వినండి. గేఫీల్డ్ గోడ అవతల ఉన్నది ఉత్తర సముద్రమే. యూరప్‌లో సముద్రానికి ఇంత దగ్గరగా ఇంకో స్టేడియం లేదని క్లబ్బువాళ్ళు చెప్పుకుంటారు. పోటు రోజున గాలి కూడా తోడైతే అలలు గోడకి కొట్టుకుని నీటి తుంపరలు లోపల పడతాయి. గోల్‌కీపర్ కొట్టిన బంతి గాలిలో ఆగి వెనక్కి రావడం కూడా చూస్తారు. గొడుగు తీసుకెళ్ళకండి, దండగ. లోపల థర్మల్, పైన గాలి ఆపే జాకెట్, చెవులు మూసే టోపీ, రెండు జతల సాక్సులు. ఆగస్టులో కూడా జాకెట్ సంచిలో ఉండాలి.

లోపలికి వెళ్ళాక

ఒక పక్క కూర్చునే స్టాండు ఉంటుంది, మిగతా మూడు పక్కలా నిలబడి చూసే మెట్లు. మెట్ల మీదికే వెళ్ళండి, స్టాండులో మాటలు కలవవు. పోటీ జట్టు అభిమానుల్ని విడిగా ఉంచని రోజుల్లో ఒక అందమైన పద్ధతి కనబడుతుంది. సగం ఆట అవగానే జనమంతా లేచి మైదానం చుట్టూ నడిచి అవతలి గోల్ వెనక్కి మారిపోతారు, తమ జట్టు దాడి చేసే వైపుకి. ఎదురెదురుగా వచ్చే రెండు గుంపులు దారిలో ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ పోతాయి. మీరూ వాళ్ళతో నడవండి. కొత్తవాళ్ళకి మాటలు కలిసేది ఆ నడకలోనే.

బూతులు వినబడతాయి, పిల్లల్ని తీసుకెళ్తే సిద్ధపడండి. మెట్ల మీద మందు ఉండదు. 1980లో స్కాటిష్ కప్ ఫైనల్ తర్వాత మైదానంలోనే పెద్ద కొట్లాట జరిగింది, ఆ ఏడాదే చట్టం తెచ్చి స్టేడియాల్లో మద్యం ఆపేశారు. తాగి తూలుతూ వస్తే గేటు దగ్గరే ఆపుతారు.

తిండి గురించి మనవాళ్ళకి కాస్త వివరంగా చెప్పాలి. స్కాచ్ పై అంటే గట్టి పిండి గిన్నెలో మిరియాల ఘాటు ఉన్న కీమా. సంప్రదాయంగా మటన్‌తో చేస్తారు కానీ గొడ్డుమాంసంతో చేసేవాళ్ళూ ఉన్నారు. తినని వాళ్ళు అడిగి తీసుకోండి, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. బోవ్రిల్ అని వేడివేడిగా కప్పుల్లో ఇస్తారు, చూడ్డానికి డికాషన్ లాగే ఉంటుంది, అది గొడ్డుమాంసం సారం. తెలియక తాగేసి తర్వాత బాధపడ్డ పిల్లల్ని చూశాను. ఫోర్ఫర్ వెళ్తే అక్కడి ప్రసిద్ధ బ్రైడీ అనే పేస్ట్రీలో కూడా అదే మాంసం. శాకాహారులకి మాకరోని పై ఉంటే అదృష్టం, లేకపోతే చిప్స్. సగం ఆటకి ముందే వెళ్ళండి, ఆలస్యమైతే క్యూలోనే ఆట మొదలైపోతుంది.

మ్యాచ్‌కి ముందు టైముంటే హార్బర్ వైపు వెళ్ళి స్మోకీ తినండి. హాడక్ చేపల్ని ఉప్పు పట్టించి, రెండేసి చొప్పున తోకలు కట్టి, గట్టి కర్ర మంట మీద వేలాడదీసి మూసేస్తారు. ఆ పొగలో, వేడిలో చేప పూర్తిగా ఉడికిపోతుంది. ఊరి చుట్టూ ఎనిమిది కిలోమీటర్ల లోపు చేసినదానికే ఆర్బ్రోత్ స్మోకీ అనే పేరు పెట్టాలని 2004 నుంచి రక్షణ ఉంది. కారం లేదని మొదట నిరాశపడతారు. వేడిగా ఉన్నప్పుడు చేత్తో ముల్లు తీసుకుని తినండి, ఇంటికి తెచ్చి పులుసు పెట్టే ఆలోచన మానుకోండి.

చరిత్ర ఎక్కడ దొరుకుతుంది

క్లబ్బు పుట్టింది 1878లో. గేఫీల్డ్‌లో ఆట 1880 నుంచి. 1925లో మైదానాన్ని కాస్త పక్కకి జరిపారు, అంతే, చోటు అదే. జట్టుని రెడ్ లిక్టీస్ అంటారు. చేపల పడవలు హార్బర్‌కి దారి తప్పకుండా వెలిగించే ఎర్ర దీపం నుంచి వచ్చిన పేరు. ఊళ్ళో సిగ్నల్ టవర్ చూస్తే ఆ సముద్రపు నేపథ్యం అర్థమవుతుంది. 1811లో వెలిగిన బెల్ రాక్ లైట్‌హౌస్‌కి ఒడ్డు నుంచి సైగలు చేసిన చోటు అది.

మెట్ల మీద పక్కనున్న పెద్దాయన్ని చరిత్ర అడిగితే ముందుగా చెప్పేది 36-0. 1885 సెప్టెంబర్ 12న స్కాటిష్ కప్‌లో అబెర్డీన్ నుంచి వచ్చిన బాన్ అకార్డ్ జట్టుని ఆర్బ్రోత్ అలా ఓడించింది. జాకీ పెట్రీ అనే కుర్రాడు ఒక్కడే 13 గోల్స్ కొట్టాడు. అప్పటికి గోల్ వెనక వల ఉండేది కాదు, బంతి కోసం ప్రతిసారీ పరిగెత్తాలి, లేకపోతే లెక్క ఇంకా పెరిగేది. పనిలేక ఆర్బ్రోత్ గోల్‌కీపర్ వాన తగలకుండా గొడుగు కింద నిలబడ్డాడని చెప్పుకుంటారు. అదే రోజు డండీ హార్ప్ అనే క్లబ్బు ఇంకో అబెర్డీన్ జట్టుని 35-0తో ఓడించింది, పాపం ఆ ఘనత ఎవరికీ గుర్తులేదు. 2002లో మడగాస్కర్‌లో ఒక జట్టు రిఫరీ మీద కోపంతో తన గోల్‌లోనే తాను బంతులు వేసుకుని 149-0 చేసింది. ప్రపంచ రికార్డు అటు పోయింది. ఆ మాట గేఫీల్డ్‌లో ఎత్తకండి.

నాకైతే ఆ 36-0కి ముందు ఏడాది కథ ఎక్కువ ఇష్టం. కప్ మ్యాచ్‌లో ఆర్బ్రోత్ చేతిలో రేంజర్స్ 4-3తో ఓడిపోయింది. ఇంటి వెనక పెరట్లో ఓడిపోయామని వాళ్ళు గ్లాస్గోకి టెలిగ్రామ్ కొట్టి, మైదానం వెడల్పు గజం తక్కువుందని ఫిర్యాదు చేశారు. మ్యాచ్ మళ్ళీ పెట్టారు, రేంజర్స్ 8-1తో గెలిచింది. పెద్ద క్లబ్బుకీ చిన్న క్లబ్బుకీ మధ్య లెక్క అప్పటి నుంచీ ఇలాగే ఉంది.

కానీ ఈ క్లబ్బు ఊరికి ఏమిటో తెలియాలంటే 36-0 కాదు, 2022 వసంతం గురించి అడగండి. ఆర్బ్రోత్ పై మెట్టులో చివరిసారి ఆడింది 1975లో. అప్పటి మేనేజర్ డిక్ క్యాంప్‌బెల్, పక్కన సహాయకుడిగా ఆయన కవల సోదరుడు ఇయాన్. తలమీద టోపీ లేకుండా డిక్‌ని గుర్తుపట్టలేం. 2016లో ఆయన వచ్చేనాటికి జట్టు నాలుగో మెట్టులో ఉంది. 2017లో ఒక టైటిల్, 2019లో ఇంకోటి గెలిచి రెండో మెట్టుకి ఎక్కింది. 2021-22లో ఆ మెట్టులో పార్ట్‌టైమ్ క్లబ్బు ఇదొక్కటే. అయినా నెలల తరబడి పట్టికలో పైన కూర్చుంది. ఏప్రిల్ 22న కిల్మార్నాక్ మైదానంలో మ్యాచ్. ఆర్బ్రోత్ ముందు గోల్ కొట్టింది, వాళ్ళు సమం చేశారు, ఆఖరి నిమిషాల్లో రెండోది కొట్టి టైటిల్ పట్టుకుపోయారు. సీజన్ ముగిసేసరికి తేడా రెండు పాయింట్లు. ప్లే-ఆఫ్‌లో ఇన్వర్నెస్ మీద రెండు మ్యాచ్‌లూ 0-0. గేఫీల్డ్‌లో రెండో మ్యాచ్‌కి ఇన్వర్నెస్ తొమ్మిది మందికి తగ్గిపోయింది, అయినా పెనాల్టీల్లో వాళ్ళే గెలిచారు. ఇరవై మూడు, ఇరవై నాలుగు వేల జనం ఉన్న ఊరు అది. దాని గురించి అడిగితే మీ పక్కన నిలబడినాయన కాసేపు ఆట చూడ్డం మానేస్తాడు. రెండేళ్ళకి జట్టు కిందికి దిగింది, 2025లో లీగ్ వన్ గెలిచి మళ్ళీ ఎక్కింది. చిన్న క్లబ్బు అభిమానికి ఎక్కడం, దిగడం రెండూ అలవాటు కావాలి.

పాత కాగితాల సరదా ఉన్నవాళ్ళకి ఊరి లైబ్రరీ, ఆర్బ్రోత్ హెరాల్డ్ పాత సంచికలు ఉన్నాయి. మ్యాచ్ రోజు ప్రోగ్రామ్ అనే చిన్న పుస్తకం అమ్మితే కొనండి, ఆటగాళ్ళ వివరాల కన్నా వెనక పేజీల్లో ఉండే ఊరి దుకాణాల ప్రకటనలు ఎక్కువ చెబుతాయి. ప్లంబర్, బేకరీ, టాక్సీ, శవపేటికల వ్యాపారి, అందరూ ఉంటారు.

డబ్బు ఎక్కడిది, మన చెయ్యి ఎక్కడ పడుతుంది

ఆ ప్రకటనలే క్లబ్బుని నడిపేవి. గేటు వసూళ్ళు, ఊరి స్పాన్సర్లు, లీగ్ ఇచ్చే వాటా, ఆపైన అదృష్టం ఉంటే కప్ డ్రా, అంటే చీట్లు తీసినప్పుడు పెద్ద క్లబ్బుతో మ్యాచ్ పడటం. స్కాటిష్ కప్‌లో గేటు వసూలుని రెండు క్లబ్బులూ పంచుకుంటాయి. సెల్టిక్ పార్కులో నాలుగు గోల్స్ తేడాతో ఓడినా చిన్న క్లబ్బు నవ్వుతూ తిరిగొచ్చేది అందుకే. మన వంతుగా సగం ఆటకి లక్కీ డ్రా టికెట్ కొనండి. వసూలైన దాంట్లో కొంత గెలిచినవాళ్ళకి, మిగతాది క్లబ్బుకి. ఒక ఆటగాడి కిట్‌కి నలుగురు స్నేహితులు కలిసి స్పాన్సర్ చేయొచ్చు. స్టిర్లింగ్ ఆల్బియన్‌లో అయితే ఇంకో అడుగు ముందుకెళ్ళారు, 2010లో అభిమానుల ట్రస్టే క్లబ్బుని కొనేసింది. అలాంటి చోట కొద్దిపాటి చందా కడితే మీకూ ఒక ఓటు.

ఆదివారం నుంచి శుక్రవారం దాకా క్లబ్బు ఏం చేస్తుందో కూడా చూడండి, అసలు సంగతి అక్కడుంది. బడి పిల్లలకి కోచింగ్ ఉంటుంది. మోకాళ్ళు అరిగినవాళ్ళకి వాకింగ్ ఫుట్‌బాల్ ఉంటుంది, పరిగెత్తితే ఫౌల్. మా అత్తగారు ఇక్కడికి వచ్చినప్పుడు చూసి, ఇదేదో నాకూ కుదిరేలా ఉందే అన్నారు. మతిమరుపు జబ్బు వచ్చిన పెద్దవాళ్ళ కోసం దేశమంతా ఫుట్‌బాల్ మెమొరీస్ అనే కార్యక్రమం నడుస్తుంది, స్కాటిష్ ఫుట్‌బాల్ మ్యూజియం, అల్జైమర్ స్కాట్లాండ్ కలిసి మొదలుపెట్టింది. పాత ఆటగాళ్ళ ఫోటోలు ముందు పెట్టి మాట్లాడిస్తారు. పిల్లల పేర్లు మర్చిపోయిన మనిషి ఒక పాత జట్టు పదకొండు మంది పేర్లూ వరసగా చెప్పేస్తాడు. టీ కలిపి ఇచ్చే చేతులు, పక్కన కూర్చుని వినే చెవులు ఎప్పుడూ తక్కువే. మన యాస వాళ్ళకి అర్థం కాదేమోనని వెనకాడకండి, ఆర్బ్రోత్ యాస ముందు మనదే నయం.

పిల్లలతోనో, ఇలాంటి పెద్దవాళ్ళతోనో కలిసి పనిచేసే బాధ్యత తీసుకుంటే పీవీజీ సభ్యత్వం కావాలి. డిస్‌క్లోజర్ స్కాట్లాండ్ ఇచ్చే తనిఖీ అది, 2025 ఏప్రిల్ నుంచి చట్టప్రకారం తప్పనిసరి. ఎలా పెట్టుకోవాలో క్లబ్బువాళ్ళే చెబుతారు. గేటు దగ్గర చిల్లర లెక్కపెట్టడం, ప్రోగ్రామ్‌లు అమ్మడం, మంచు పడితే మెట్లు ఊడవడం లాంటివాటికి మామూలుగా అదేమీ అక్కర్లేదు, మొదట వాటితో మొదలుపెట్టండి. స్టూడెంట్ వీసా మీద ఉన్న పిల్లలు మాత్రం జాగ్రత్త. ఆ వీసాతో ప్రొఫెషనల్ ఆటగాడిగా గానీ కోచ్‌గా గానీ పనిచేయకూడదని షరతు ఉంది. చిన్న క్లబ్బే కదా, శనివారం పిల్లలకి కోచింగే కదా అని ఒప్పేసుకోకుండా, ముందు యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

మొదటి మ్యాచ్ ఏది అని అడిగితే, కుదిరితే ఆగస్టు లేదా ఏప్రిల్‌లో పెట్టుకోండి, వెలుతురూ ఉంటుంది, చలీ తక్కువ. పక్క ఊరి జట్టు వస్తున్న రోజైతే ఇంకా మంచిది, జనం ఎక్కువ, మాటలు ఎక్కువ. రెండున్నరకల్లా గేటు దగ్గర ఉండండి. ఆట ఐదింటికి కాస్త ముందు అయిపోతుంది. తిరుగు రైలు టైము పొద్దునే చూసుకోండి, ఒకటి తప్పితే ఆర్బ్రోత్ స్టేషన్‌లో చాలాసేపు కూర్చోవాల్సి రావచ్చు.